ఎల్లుండి మామయ్యగారి డిశ్చార్జి: ఇంటికి తీసుకువెళ్లే ముందు ఏం నేర్చుకోవాలి, ఏం అడగాలి?

ప్రశ్న: మధిర దగ్గరి పల్లె నుంచి ఒక కోడలు

అందరికీ నమస్కారం. మా మామయ్యగారికి 68 ఏళ్లు. 17 రోజుల క్రితం తెల్లవారుజామున పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాము. ప్రాణాపాయం తప్పిందని, ఎల్లుండి ఇంటికి తీసుకువెళ్లవచ్చని నిన్న సాయంత్రం రౌండ్స్‌కు వచ్చిన డాక్టరుగారు చెప్పారు. ముక్కులో ఆహారపు గొట్టం, మూత్రానికి పైపు అలాగే ఉంచి పంపుతారట.

నా భర్త లారీ నడుపుతారు, నెలలో 20 రోజులు ఇంటి పట్టున ఉండరు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, చూపు కూడా ఆనదు. పిల్లలిద్దరూ బడికి వెళ్లేవాళ్లు. కాబట్టి చూసుకోవలసినది నేనే. గొట్టంలో పాలు పోయడం నర్సుగారు రెండుసార్లు చూపించారు గాని నా చేత చేయించలేదు. ‘ఇంట్లో బాగా చూసుకోండి’ అని అందరూ అంటున్నారు, ఆ బాగా చూసుకోవడమంటే పొద్దుట లేచింది మొదలు ఏమేం చేయాలో చెప్పేవారు మాత్రం కనిపించడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం: గుంటూరు నుంచి విశ్రాంత హెడ్ నర్సు

అమ్మా, నేను ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. గొట్టం పని చూపించారు గాని నా చేత చేయించలేదన్నారు చూడండి, అసలు చిక్కు అక్కడే ఉంది. రోగి నిలకడగా ఉన్నాడని డాక్టరు చెప్పడంతో డిశ్చార్జికి సగం సిద్ధమైనట్టు. ఇంట్లో చూసే మనిషి చేతికి పని వచ్చిందని నర్సు చెప్పినప్పుడే మిగతా సగం పూర్తవుతుంది. ఎల్లుండి అన్నది కదలని ముహూర్తమేమీ కాదు. రేపు పొద్దున డ్యూటీ డాక్టరుగారిని, వార్డు సిస్టరుగారిని కలిసి, గొట్టంలో ఆహారం ఇవ్వడం, పక్క మార్చడం, మూత్రపు సంచి ఖాళీ చేయడం మీ ఎదుట నా చేతులతో మూడేసి సార్లు చేసిన తరువాతే తీసుకువెళతానని, అందుకు ఒక రోజు ఎక్కువైనా సరేనని మర్యాదగానే, గట్టిగా చెప్పండి. ఇది అడిగినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు.

ఆహారం ఇచ్చేటప్పుడు ఆయన తల, వీపు కనీసం 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉండాలి, ఇచ్చిన తరువాత కూడా ఒక గంట అలాగే ఉంచాలి. గొట్టం ముక్కు దగ్గర ఎన్నో అంకె మీద ఉందో ఈరోజే చూసి రాసుకోండి, లేదా అక్కడ పెన్నుతో గీత పెట్టించుకోండి. ప్రతిసారీ ముందుగా ఆ గీత చూడాలి, నోరు తెరిపించి గొట్టం లోపల చుట్టుకుపోలేదని చూడాలి. గీత జరిగితే ఒక్క చుక్క కూడా పోయకూడదు. గాలి కొట్టి కడుపు మీద చప్పుడు వింటే చాలని కొందరు చెబుతారు, ఆ పరీక్షను నమ్మడానికి వీల్లేదు. ముందు 30 మి.లీ. నీళ్లు, తరువాత వడగట్టిన ఆహారం, చివర మళ్లీ 30 మి.లీ. నీళ్లు ఇవ్వాలి. సిరంజిలోని పిడిని తీసేసి, సిరంజిని ఎత్తి పట్టుకుంటే ఆహారం తనంతట తానే దిగుతుంది. పిడితో నెట్టవద్దు. పోస్తుండగా దగ్గు వచ్చినా, ఊపిరి ఆడనట్టు అనిపించినా, పెదవులు నీలంగా మారినా వెంటనే ఆపి సహాయం పిలవాలి. ఎంత పోయాలి, ఎన్ని గంటలకొకసారి పోయాలి అన్నది డైటీషియన్ చేత కాగితం మీద రాయించుకోండి.

మాత్రల విషయంలో చాలామంది పొరపడతారు. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ అని ఉన్నవాటిని (మందు మెల్లగా విడుదలయ్యే మాత్రలను), కడుపులో కరగకుండా పైపూత ఉన్నవాటిని పొడి చేసి గొట్టంలో వేయకూడదు. డిశ్చార్జి మందుల చీటీ పట్టుకొని, వీటిలో ఏవి నూరవచ్చు, ఏవి నూరకూడదు, నూరకూడని వాటికి బదులు ఏమిస్తారు అని ఫార్మసిస్టును ఒక్కొక్కటిగా అడగండి.

ఇక పడకపుండ్లు. రెండు గంటలకొకసారి ఒత్తిగిల్లించాలి. నడుము కింది ఎముక, తుంటి, మడమలు, చెవి వెనుక రోజూ వెలుతురులో చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. ఆ ఎరుపు తెల్లబడకుండా అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. అక్కడ మర్దన చేయవద్దు, ఆ వైపు పడుకోబెట్టవద్దు. గాలి నింపే పరుపు మంచిదే, అయితే అది ఉందని పక్క మార్చడం మానకూడదు.

మూత్రపు సంచి ఎప్పుడూ నడుము కన్నా కిందనే వేలాడాలి గాని నేలకు తగలకూడదు. ముట్టుకునే ముందు, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నాలుగైదు గంటలపాటు సంచిలోకి ఏమీ రాక పొత్తికడుపు గట్టిపడితే పైపు మూసుకుపోయిందని అర్థం, అప్పుడు ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పైపు, గొట్టం పెట్టిన తేదీ, మార్చవలసిన తేదీ, ఎక్కడ మారుస్తారన్నది డిశ్చార్జి సమ్మరీలో ఉండాలి. చాలా సమ్మరీల్లో ఈ ఒక్క వరుస ఉండదు, అడిగి రాయించుకోండి.

సమాధానం: నల్గొండ నుంచి, భార్యను మూడేళ్లు చూసుకున్న ఒక భర్త

చెల్లెమ్మా, ఆసుపత్రి సంగతి నర్సమ్మగారు చెప్పారు, ఇంటి సంగతి నేను చెబుతాను. ఈరోజే ఎవరినైనా పంపి మీ ఇంటి గుమ్మం వెడల్పు, వరండా నుంచి గదిలోకి తిరిగే మలుపు కొలిపించండి. మా ఇంట్లో స్ట్రెచర్ ఆ మలుపు తిరగక, నలుగురం ఆమెను దుప్పటిలో ఎత్తి తీసుకువెళ్లవలసి వచ్చింది. అప్పుడు పడిపోయిన చేతిని ఎవరో పట్టి లాగారు. ఆ భుజం నొప్పి ఆమెకు ఆరు నెలలు పోలేదు. తల ఎత్తే ఆసుపత్రి మంచం అద్దెకు దొరికితే తెప్పించుకోండి, దొరకకపోతే వీపు వెనుక గట్టి దిండ్లు మెట్లలా పేర్చండి. మంచాన్ని మూడు వైపుల నుంచి తిరగగలిగేలా గోడకు దూరంగా వేయండి. మంచం మీ నడుము ఎత్తుకు ఉంటే మీ నడుము మిగులుతుంది. కోళ్ల కింద దిమ్మలు వేసి ఎత్తవచ్చు, కాకపోతే అవి జారని రకం కావాలి.

రెండవది చుట్టాలు. చూడవచ్చినవారు ఒక్క చెంచా మజ్జిగ నోట్లో పోద్దామంటారు, ప్రేమతోనే అంటారు. మింగే శక్తిని పరీక్షించి డాక్టరు ఒప్పుకునే వరకు అలా పోయకూడదు, ఆ చెంచాడు మజ్జిగ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ‘నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు’ అని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి మంచం తలవైపు గోడకు అంటించండి. కోడలు చెబితే వినని పెద్దలు ఆ కాగితం చెబితే వింటారు. పావురం రక్తం పూయాలని, పసరు పోయాలని చెప్పేవారు కూడా వస్తారు. దాని కోసం బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర ఆపితే మరోసారి పక్షవాతం రావచ్చు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

సమాధానం: విజయవాడ నుంచి ఒక ఫిజియోథెరపిస్టు

భుజం గురించి పైవారు చెప్పినది అక్షరాలా నిజం. పడిపోయిన చేతిని పట్టుకుని ఎవరూ లేపకూడదు, చంక కింద చేయి వేసి లాగకూడదు. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు ఉండాలి. పక్క మార్చడానికి ఆయన కింద నడుము నుంచి తొడల దాకా ఒక మడత దుప్పటి పరిచి ఉంచండి, ఇద్దరు చెరో వైపు దానిని పట్టుకుని జరిపితే చర్మం ఒరుసుకుపోదు. ఒక్కరే ఉన్నప్పుడు ఆయన ఎడమ మోకాలు మడిచి, తుంటి మీద, భుజం మీద చేతులు వేసి మీ వైపుకు దొర్లించండి. ఎత్తే ప్రయత్నం చేయవద్దు. మీ కాళ్లు ఎడంగా, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడాలి. వార్డులోని ఫిజియోథెరపిస్టు చేయించే వ్యాయామాలను మీ ఫోనులో వీడియో తీసుకోవడానికి అనుమతి అడగండి, సాధారణంగా ఇస్తారు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఈరోజు సిస్టరుగారిని అడిగాను. మొదట విసుక్కున్నా, తరువాత పక్కన నిలబడి మధ్యాహ్నం రెండుసార్లు, రాత్రి ఒకసారి నా చేతనే చేయించారు. మొదటిసారి చేతులు వణికాయి, మూడోసారికి వణుకు తగ్గింది. ఒక రోజు పొడిగించారు. ప్రయాణం ఎలా చేయాలి? ఖర్చుకు, తరువాతి సహాయానికి ఎవరిని అడగాలి? కేసు షీటు ఇమ్మంటే ఇవ్వరని పక్క బెడ్డువారు అంటున్నారు, నిజమేనా?

సమాధానం: వరంగల్ నుంచి ఒక వైద్య సామాజిక కార్యకర్త

రికార్డుల మాట ముందు చెబుతాను. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల లోపు వైద్య రికార్డులు ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నియమావళిలో ఉంది. కాబట్టి దరఖాస్తు రాసి, ఒక నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. స్కానింగ్ ఫిల్ములు, సీడీ, డిశ్చార్జి సమ్మరీ మాత్రం ఆసుపత్రి దాటకముందే చేతికి రావాలి. ఆరోగ్యశ్రీ కింద చేరి ఉంటే అక్కడి ఆరోగ్యమిత్రను, అంటే ఆ పథకం రోగులకు సాయపడే ఉద్యోగిని, కలవండి, డిశ్చార్జి తరువాత 10 రోజుల మందులు ప్యాకేజీలో భాగమే.

ప్రయాణానికి అంబులెన్సే మేలు. దారిలో గొట్టంలో ఏమీ పోయవద్దు, బయలుదేరడానికి కనీసం గంట ముందు ఆహారం పూర్తి కావాలి. ఆయనకు షుగరు ఉంటే, ఇన్సులిన్ తీసుకుంటుంటే ఆ వేళలను డాక్టరుతో ముందుగానే సరిచేయించుకోండి. పగటి వెలుతురు ఉండగా ఊరు చేరేలా చూసుకోండి. రాత్రి పదకొండింటికి ఇల్లు చేరి, ఏ సంచిలో ఏ మందు ఉందో వెతుక్కునే అవస్థ నేను చాలా కుటుంబాల్లో చూశాను.

ఊరికి వెళ్లగానే మీ ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు సమ్మరీ నకలు ఇవ్వండి. తెలంగాణలో ‘ఆలన’ పేరుతో ప్రభుత్వ ఉపశమన సేవలు ఉన్నాయి, మంచాన పడినవారి ఇంటికి బృందం వచ్చి చూస్తుంది. మీ ఇంటి దాకా వస్తారేమో ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగి, వస్తామంటే పేరు నమోదు చేయించండి. వైకల్య ధ్రువపత్రానికి, అంటే మనం సదరం సర్టిఫికెట్ అనే దానికి, పక్షవాతం వచ్చిన ఆరు నెలల తరువాతే పరీక్షిస్తారు, ఆ తేదీని ఇప్పుడే రాసిపెట్టుకోండి. అది వచ్చాక 4,016 రూపాయల వికలాంగుల పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. ఈ చర్చ చదివే ఆంధ్రప్రదేశ్‌వారికి: పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 2024 జూలై నుంచి పింఛను 15,000 రూపాయలు.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016, 24వ సెక్షన్‌లో, అధిక సహాయం అవసరమైన దివ్యాంగులకు, వారిని చూసుకునే మనిషి కోసం భృతి ఇచ్చే పథకాలు ప్రభుత్వాలు రూపొందించాలని ఉంది. మీలాంటి కోడళ్లు, కూతుళ్లు చేసే చాకిరీ చట్టం కంటికి కనిపించింది. అది పల్లెలో గడప దాకా రావాలంటే అడిగేవారు కావాలి, గ్రామసభలో ఈ మాట ఎత్తండి.

ప్రశ్న అడిగినవారు, 12 రోజుల తరువాత

మామయ్యగారు ఇంట్లోనే ఉన్నారు, పుండ్లు లేవు. ఐదో రోజు రాత్రి మగత నిద్రలో బాగున్న ఎడమ చేత్తో ముక్కు గొట్టం సగం లాగేశారు. గీత బయటికి కనిపించింది. మీరు చెప్పినట్టు ఏమీ పోయలేదు, తిరిగి తోసే ప్రయత్నమూ చేయలేదు. తెల్లవారగానే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లి కొత్తది పెట్టించాము. అత్తయ్యగారు పాత తువ్వాలుతో చేతి సంచిలాగా కుట్టి రాత్రిళ్లు ఆయన ఎడమ చేతికి తొడుగుతున్నారు. కాని రెండు గంటలకొకసారి లేవడంతో నాకు నిద్ర లేదు. నిన్న స్టవ్ మీద పాలు పెట్టి, నిలబడే కునికాను. ఏం చేయాలో చెప్పండి.

సమాధానం: విశ్రాంత హెడ్ నర్సు

అమ్మా, గొట్టం విషయంలో మీరు సరిగ్గా చేశారు. ఆ చేతి తొడుగు వదులుగా ఉండాలి, రోజుకు చాలాసార్లు తీసి వేళ్లు, మణికట్టు చూడండి. పగలు మీరు పక్కన ఉన్నప్పుడు అసలు వేయవద్దు, మిగిలింది ఆయనకు ఆ ఒక్క చెయ్యే గదా.

మీ నిద్ర కూడా మందుల చీటీలో రాయవలసిన విషయమే. నాలుగు వారాల సమీక్ష వరకు ఆగకుండా, ఈ వారమే డాక్టరుగారికి ఫోన్ చేసి, చర్మం బాగుందని, గాలి పరుపు వాడుతుంటే ఆ మాట కూడా చెప్పి, రాత్రి పక్క మార్చే వ్యవధి పెంచవచ్చా అని అడగండి. చర్మం చూసి చాలామందికి ఒప్పుకుంటారు. రాత్రి చివరి ఆహారం, మొదటి ఆహారం వేళలను కూడా జరిపించుకుంటే ఒక నాలుగైదు గంటలు కలిసివస్తాయి. మధ్యాహ్నం ఆహారం ఇచ్చిన గంట తరువాత రెండు గంటలు మీరు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. ఆ వేళ అత్తయ్యగారు మంచం పక్కన కుర్చీలో కూర్చుంటే చాలు. చూపు ఆనకపోయినా దగ్గు, గురక, ఊపిరి మార్పు వినగలరు, మిమ్మల్ని పిలవగలరు. మీ భర్త ఇంట ఉండే పది రోజులూ రాత్రి పని పూర్తిగా ఆయనది. లారీ దిగి వచ్చినప్పుడు మొదటి రెండు రోజులు పగలు నిద్రపోనిచ్చి, మీరు నేర్చుకున్నట్టే ఆయన చేత కూడా మీ ఎదుట మూడేసి సార్లు చేయించండి. మనసు మరీ బరువెక్కితే టెలి మానస్ 14416కు ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. వృద్ధుల సహాయవాణి 14567 పగటిపూట పనిచేస్తుంది.

మూతి వంకర పోయినా, ఎడమ చేయి కూడా బలహీనపడినా, జ్వరంతో ఊపిరి వేగం పెరిగినా, ఒక పిక్క మాత్రమే వాచినా ఎవరి సలహా కోసమూ ఆగకుండా 108కు ఫోన్ చేయండి. ఆ నంబరును గోడ మీది కాగితంలో కింద రాసి, పెద్ద బిడ్డకు కూడా చూపించండి. ఈరోజు మధ్యాహ్నం పడుకున్నారో లేదో సాయంత్రం ఇక్కడ ఒక మాట రాయండమ్మా.