వానలో చేత్తో కాల్చే షెల్స్: గొట్టానికో ఫాయిలా, అన్నింటికీ ఒకే పట్టానా?

తూనీగ:
మాది చేత్తో వెలిగించే బాణసంచా ప్రదర్శన. గొట్టంలోంచి ఎగిరి ఆకాశంలో పగిలే 3, 4 అంగుళాల షెల్స్, ఒకే వత్తితో వరుసగా పేలే చిన్న గొట్టాల కట్టలు, అదే కేకులు, కొన్ని. మధ్యాహ్నానికే షెల్స్ గొట్టాల్లో దించేస్తాం, కాల్చేది రాత్రికి. మధ్యలో వాన పడితే ఏం చేయాలన్న దగ్గర మా జట్టు రెండుగా చీలింది. ప్రతి గొట్టం మూతికీ అల్యూమినియం ఫాయిల్ బిగించి, తీయకుండానే కాల్చేద్దామని కొందరు. వరుస మొత్తం మీద టార్పాలిన్ పట్టా కప్పి, వెలిగించే ముందు లాగేద్దామని మిగతావాళ్లు. మీరేమంటారు?

పాతవత్తి:
ఫాయిలే. ఒక్క పొర, బిగుతుగా. షెల్‌కి అదొక అడ్డే కాదు, చీల్చుకుని పోతుంది. పట్టా లాగేశారంటే గొట్టాలన్నీ వానకి నోళ్లు తెరుచుకుని కూర్చుంటాయి. మొదటిది కాల్చేసరికి చివరిది నానుతుంది.

నీళ్లు చేరేది గొట్టం అడుగుకి. షెల్‌ని పైకి లేపే మందు ఉండేదీ అడుగునే. నల్లమందులో నూటికి 75 పాళ్లు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. సురేకారం నీళ్లలో కరిగిపోయే సరుకు. ఒకసారి కరిగి విడిపోయాక ఎండబెట్టినా అది మునుపటి మందు కాదు. పూర్తిగా తడిసి చీదేస్తే అదృష్టమనుకోండి. సగం నెమ్ముకున్న మందుతోనే అసలు భయం. షెల్ లేవాల్సినంత ఎత్తు లేవదు, దాన్ని పగలగొట్టే లోపలి వత్తి, టైమ్ ఫ్యూజ్, మాత్రం తన లెక్క ప్రకారమే కాలుతుంది. తలల మీదే పగులుతుంది.

చెయ్యిజాగ్రత్త:
పాతవత్తి గారూ, కరెంటుతో కాల్చేవాళ్లకి ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. వాళ్లకి బయటికొచ్చేది తీగ ఒక్కటే, మనిషి దూరంగా ఉంటాడు. మనకి వత్తి కొస బయట ఉండాలి కదా. ఆ కొస రెండు మూడు అంగుళాల బోసి వత్తి, నిదానంగా కాలుతుంది. మనం వెనక్కి జరగడానికి దొరికే టైమ్ అంతా అదే. నిప్పు ఆ తర్వాతి కాగితపు తొడుగులోకి దూరిందంటే, కన్ను మూసి తెరిచేలోపు షెల్ లేచిపోతుంది.

వాన ముందుగా పాడుచేసేది ఆ బోసి కొసనే. అది అంటుకోకపోతే మనిషేం చేస్తాడు? ఇంకాస్త పైన, కాగితం దగ్గర నిప్పు పెడతాడు. నేను ఒకసారి ఆ తెలివితక్కువ పని చేశాను. షెల్ లేచిపోయింది, నా చెయ్యి ఇంకా అక్కడే ఉంది. చేతికేం కాలేదు, చెవి మాత్రం వారం రోజులు గుయ్‌మంది. ఫాయిల్ మడతల్లో కొస వెతుక్కునేవాడు గొట్టం మీదకి వంగుతాడు. నా టెన్షన్ అదీ. మందు తడవడం ఆ తర్వాత సంగతి.

పాతవత్తి:
మీ చెవి సంగతి విన్నాక కాదనలేను. కానీ అది ఫాయిల్ తప్పు కాదు, కట్టిన పద్ధతి తప్పు. కొసని ముందే గొట్టం పక్కకి వంచి, దానికి విడిగా చిన్న ఫాయిల్ టోపీ తొడగండి. కాల్చేటప్పుడు లాగేది టోపీనే, మూతిని ముట్టుకోనక్కర్లేదు. టోపీలన్నీ ఒకే వైపుకి ఉంటే చీకట్లో వెతుకులాట ఉండదు. వాటిని వరుసంతా ఒకేసారి పీకేసే తొందరగాళ్లు ఉంటారు, వాళ్లని దూరంగా పెట్టండి.

అట్టపెట్టె:
కేకుల మాటే ఎవరూ ఎత్తలేదు! కేకంటే అట్ట, జిగురు. ఎంత కప్పినా తడి నేల మీద పెడితే అడుగు నుంచి పీల్చుకుంటుంది. చెక్కల మీదకి ఎక్కించండి, చెక్క కదలకుండా చూసుకోండి. కేకుల పచ్చ వత్తికి వార్నిష్ లాంటి లాకర్ పూత ఉంటుంది కాబట్టి తుంపరకి కాసేపు ఓర్చుకుంటుంది. కత్తిరించిన కొసకి ఆ పూత ఉండదు.

ఇంకోటి, నేను పట్టా వైపే. రోజంతా ముసురైతే ఫాయిల్ గుంటపడి నీళ్లు నిలుస్తాయి. అది చిరిగిందా, ఆ గ్లాసెడు నీళ్లూ గొట్టంలోకే. వాలుగా కట్టిన పట్టాకి ఆ గొడవ లేదు. అంచులు నేలకి ఆనించొద్దు, నేల తడి ఆవిరై లోపలే చెమ్మ పడుతుంది.

చెయ్యిజాగ్రత్త:
అలాగైతే సాయంత్రం దాకా పట్టా, దాని కింద ఫాయిల్. తీసిన పట్టాని పక్కనే కుప్ప పోయొద్దు, నిప్పురవ్వలు పడితే అంటుకుంటుంది.

తూనీగ:
మరి వెలిగించాక లేవని షెల్స్? పోయినసారి మావాడొకడు ఆరబెట్టి దాచుకుంటానన్నాడు.

పాతవత్తి:
వద్దంటే వద్దు. లేవనిదాన్ని ఆ రాత్రి మళ్లీ వెలిగించొద్దు, గొట్టంలోకి తొంగి చూడొద్దు. చాలాసేపు ఆగి, దూరం నుంచే నీళ్లతో ముంచండి. ఆరబెట్టడం ఇంకా ఘోరం. అల్యూమినియం పొడి, నైట్రేట్ కలిసిన మందు తడిస్తే దానంతటదే వేడెక్కుతుంది, అమ్మోనియా వాసన కూడా వస్తుంది. మందు కలిపేవాళ్లు కాస్త బోరిక్ యాసిడ్ వేసేది దాన్ని ఆపడానికే.

చెయ్యిజాగ్రత్త:
ఇంతా చేశాక సరిగ్గా కాల్చే టైమ్‌కి కుండపోత అయితే? ఆపమని చెప్పే మనిషిని ముందే అనుకోండి. వెలిగించేవాడికి మాత్రం ఆ పని అప్పగించొద్దు. చేతిలో నిప్పు ఉన్నవాడికి ఎప్పుడూ ఇంకొక్కటే మిగిలి ఉంటుంది.

తూనీగ:
ఫాయిల్, టోపీ, పట్టా మూడింటికీ మావాళ్లు ఒప్పుకున్నారు. ఆ ఆపే మనిషి ఎవరన్న దగ్గరే మళ్లీ రెండు వర్గాలు.