కోరాపుట్–సాలూరు ఘాట్‌కి ఎలక్ట్రిక్ స్కూటర్ పనికొస్తుందా?

సాలూరు_అల్లుడు: అందరికీ నమస్తే. ఉండేది ఒడిశాలోని కోరాపుట్, అత్తారిల్లు ఘాట్ దిగితే ఆంధ్రాలోని సాలూరు. పెట్రోలు ఖర్చు భరించలేక ఎలక్ట్రిక్ స్కూటర్ కొందామనుకుంటున్నా. దారిలో పొట్టంగి ఘాట్‌లో ఆగిపోతే ఎవరు నెడతారని ఇంట్లో ఒకటే గొడవ. నడుపుతున్నవాళ్లు చెప్పండి. కంపెనీవాళ్ల రేంజ్ లెక్కలు మాత్రం వద్దు.

జయపురం_బాబాయ్: అల్లుడూ, కోరాపుట్ ఎత్తు సుమారు 870 మీటర్లు. సాలూరు నుంచి 700 మీటర్ల పైనే ఎక్కాలి. బండి, ఇద్దరు మనుషులు కలిపి 250 కేజీలనుకుంటే, ఆ బరువుని పైకి లేపడానికే దాదాపు అర యూనిట్ పోతుంది. బ్యాటరీ మూడు యూనిట్లదైతే ఆరో వంతు ఎత్తుకే సరి! దూరానికయ్యేది వేరే. అందుకే సాలూరు దిగాక మిగిలిన శాతం చూసి మురిసిపోకు, ఫుల్ ఛార్జ్ చేశాకే తిరిగి బయల్దేరు. మామగారింట్లో భోజనం చేసే టైమ్ దానికి చాలదు, ఆ రాత్రికి ఉండిపో.

దిగేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. కోరాపుట్‌లో నూటికి నూరు నింపి దిగితే, నిండిన బ్యాటరీ ఇంకా కరెంటు తీసుకోదు కాబట్టి రీజెన్ (మోటారే బండి వేగం తగ్గిస్తూ ఆ శక్తితో బ్యాటరీ నింపే ఏర్పాటు) పనిచేయదు. మలుపుల్లో భారమంతా బ్రేకుల మీదే. 85, 90 శాతం ఛార్జ్ చాలు.

గుణుపురం_వైర్‌మన్: ఘాట్ సరే, ఇంట్లో ఎర్తింగ్ ఉందా? ఛార్జర్ పోయిందని పిలుస్తారు, వెళ్లి చూస్తే మూడో పిన్నుకి వైరే ఉండదు. నాసిరకం ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెడితే ప్లగ్గు నల్లగా మాడుతుంది. విడిగా లైను లాగి 16 ఆంప్స్ సాకెట్, ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తనే పడిపోయే స్విచ్) పెట్టించండి. సాయంత్రం వోల్టేజీ పడిపోయే ఊళ్లలో పడుకునే ముందు ఛార్జింగ్ పెట్టడం మేలు.

రాయగడ_టీచరమ్మ: సోలార్ గురించి కూడా ఆలోచిస్తుంటే వినండి. ఇంటిమీద సోలార్‌కిచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి కేంద్రం సబ్సిడీ 78,000. మేమూ వేయించాం, బిల్లు బాగా తగ్గింది. కానీ బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపే ఆన్‌గ్రిడ్ కదా, కరెంటు పోతే మిట్టమధ్యాహ్నమైనా సోలారూ ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు. మంచిదే, కానీ బిగించినవాళ్లు ముందు ఒక్క ముక్కయినా చెప్పలేదు! పైగా ఎండ ఉన్నంతసేపూ నా స్కూటర్ స్కూల్లోనే ఉంటుంది. పగలు లైనుకిచ్చిన కరెంటుని మనం వాడుకున్నదాంట్లోంచి తీసేసే నెట్ మీటరే అంతా సర్దుతుంది.

సాలూరు_అల్లుడు: థాంక్స్ మేడమ్. విజయనగరంలో కొంటే రేటు తక్కువంటున్నారు, తీసుకోవచ్చా?

జయపురం_బాబాయ్: రేటు కంటే సర్వీస్ చూడు. మా వీధిలో ఒకాయన బండికి కంట్రోలర్ (మోటారుకి కరెంటు అందించే భాగం) పోయింది. పార్టు వచ్చేదాకా పాపం బస్సులే. పైగా ఆంధ్రా నంబరుతో ఇక్కడ 12 నెలలు దాటి ఉంచితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి మళ్లీ రిజిస్టర్ చేయించాలి.

సాలూరు_అల్లుడు: అయితే ఇక్కడే చూస్తా. వైర్‌మన్ అన్నా, ఎర్తింగ్‌కి రాగి ప్లేటే కావాలా?

గుణుపురం_వైర్‌మన్: అక్కర్లేదు, జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనప పైపు) చాలు. ఎండాకాలం ఆ గుంతలో నీళ్లు పోయడం మర్చిపోకండి.