బంకులో గాలి కొట్టించాక సైకిలు టైరు పేలింది: తప్పు కంప్రెసర్‌దా, నాదా?

ఎర్రసైకిల్_నాన్న
మొన్న ఆదివారం జరిగింది చెప్తాను, మీరే తేల్చండి. మా అబ్బాయిది హైబ్రిడ్ సైకిలు, టైరు 700×35. వెనక టైరు పంచరైతే శనివారం రాత్రి నేనే ట్యూబు మార్చాను. ఇంట్లో పంపు వాషర్ పోయింది, సరే అని పొద్దున్నే తోసుకుంటూ పెట్రోలు బంకుకి వెళ్ళాను. కుర్రాడు "ఎంత పెట్టమంటారు సార్" అన్నాడు, టైరు పక్కన 50–75 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంది కాబట్టి 65 అన్నాను. మిషన్లో నొక్కాడు, టిక్ టిక్ టిక్, అంతే, అయిపోయింది. ఇంటికొచ్చి గేటు పక్కన ఎండలో ఆనించి కాఫీ తాగుతుంటే ఢామ్మని లక్ష్మీ బాంబు పేలినట్టు పేలింది. పక్కింటావిడ గ్యాస్ సిలిండరేమో అని బయటికి పరుగెత్తుకొచ్చింది. మెకానిక్‌ని అడిగితే "కంప్రెసర్ గాలి వేడి గాలి సార్, సైకిలుకు పడదు, చేతి పంపే కరెక్టు" అన్నాడు. నిజమేనా? ఇంకో మాట, మీటరున్న పంపు కొనాలా, బొటనవేలితో నొక్కి చూసుకుంటే సరిపోదా?

పంచరు_బాబాయ్
33 ఏళ్ళుగా షాపు నడుపుతున్నా బాబూ. రోజుకి ఎన్ని సైకిళ్ళకి కంప్రెసర్‌తో కొడతానో లెక్కలేదు, ఒక్కటీ ఎండకు పేల్లేదు. మీటరు దండగ. వేలు పెట్టి నొక్కితే తెలిసిపోతుంది. గాలి వేడైతే టైరుకేం తెలుసు!

లెక్కల_తమ్ముడు
బాబాయ్ చెప్పిన దాంట్లో సగం కరెక్టు. వేడి గాలి అనేది ఒట్టి మాట. ముందు, ట్యాంకులో నిలవున్న గాలి ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది. ఒకవేళ వేడిగానే ఎక్కిందనుకోండి, టైర్లోకి వెళ్ళి చల్లబడితే ఒత్తిడి తగ్గాలి గానీ పెరగకూడదు కదా.

ఇక ఎండ సంగతి. మీటరు 65 చూపించినప్పుడు బయటి వాతావరణంతో కలిపి అసలు ఒత్తిడి దాదాపు 80. పొద్దున 28 డిగ్రీలనుకుందాం, నల్ల టైరు ఎండలో 58 దాకా వేడెక్కిందనుకుందాం. 30 డిగ్రీలు పెరిగితే సుమారు 10 శాతం, అంటే 80 కాస్తా 88 అవుతుంది, మీటరు మీద 73. మీ టైరు మీద రాసింది 75. అంటే ఇంత ఘోరంగా లెక్కేసుకున్నా గీత దాటలేదు. ఎండ మీద నెపం వెయ్యకండి.

సన్నటైరు
వేలు సంగతి నేను చెప్తా. హైదరాబాదులో ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది కదా, అక్కడ మా వాళ్ళం ఐదుగురం ఒకసారి పందెం వేసుకున్నాం. ఒకే సైకిలు, 25 మిల్లీమీటర్ల టైరు, అందరూ నొక్కి చూడాలి. ఒకడు 70 అన్నాడు, ఒకడు 110. మీటరు పెడితే 84. సన్న టైరు 60 దాటాక వేలికి అంతా రాయిలాగే ఉంటుంది. లావు టైరైతే వేలికి కొంచెం తెలుస్తుంది, ఒప్పుకుంటా.

కొత్త రిమ్ముల్లో కొన్నిటికి లోపలి అంచుకి కొక్కెం ఉండదు, హుక్‌లెస్ అంటారు. వాటికి 5 బార్ దాటకూడదు, అంటే 72.5 పీఎస్ఐ. అలాంటి దానికి కూడా వేలేనా బాబాయ్?

పంచరు_బాబాయ్
నా షాపుకి అలాంటి లక్ష రూపాయల బండ్లు రావు తమ్ముడూ. అయినా మీటరు లేదని ఎవరన్నారు, మా కంప్రెసర్‌కి ఉంది, 120 చూపిస్తుంది.

లెక్కల_తమ్ముడు
బాబాయ్, అది ట్యాంకు మీటరు! ట్యాంకులో ఎంతుందో చెప్తుంది, టైర్లో ఎంతుందో కాదు. నూటికి తొంభై గొడవలు ఇక్కడే. కారు టైర్లో పట్టే చోటు 30 లీటర్ల పైమాటే, ఈ 35 మిల్లీమీటర్ల టైర్లో సుమారు 2 లీటర్లు. అవతల 120 ఉన్న ట్యాంకు, ఇవతల 2 లీటర్ల ట్యూబు, గన్ను రెండు సెకన్లు ఎక్కువ నొక్కితే ఎక్కడికి పోతుందో మీరే చెప్పండి.

పాత_బండి_మాస్టారు
మధ్యలో నాదొక సందేహం. నాది 28×1½ నల్ల బండి, మా నాన్నగారిది. మా అల్లుడు మీటరున్న పంపు కొనిచ్చాడు. కొట్టేటప్పుడు ముల్లు 70కి ఎగురుతుంది, ఆపగానే జారిపోతుంది. టైరు చూస్తే ఇంకా మెత్తగానే ఉంటుంది. మీటరు పాడైందా, నాకు వాడటం రావట్లేదా?

ఐండ్‌హోవెన్_బుల్లోడు
మాస్టారూ, మీటరు బాగానే ఉంది, మీరూ బాగానే కొడుతున్నారు. మీ బండిది డన్లప్ వాల్వు. నట్టు విప్పి పిన్ను బయటికి లాగండి, దాని చివర సన్న రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది, దాన్నే వాల్వు ట్యూబు అంటాం, చిన్నప్పుడు కొట్లో ముక్కలుగా కత్తిరించి ఇచ్చేవాళ్ళు. గాలి ఆ రబ్బరుని నెట్టుకుని లోపలికి వెళ్తుంది, మళ్ళీ వెనక్కి రాదు. వెనక్కి రాని గాలిని మీటరు ఎలా కొలుస్తుంది? అది చూపించేది పంపు పైపులో ఉన్నది మాత్రమే. టైర్లో ఉన్నదానికి ఆ రబ్బరుని తోసే బలం కూడా కలుపుకుని ఎక్కువ చూపిస్తుంది. నేను ఉండే నెదర్లాండ్స్‌లో కూడా మామూలు సైకిళ్ళకి ఎక్కువగా ఈ డన్లప్ వాల్వే, ఇక్కడ కూడా జనం చేత్తో నొక్కి చూసి ఎక్కేస్తారు. మీకు బాబాయ్ వేలే దిక్కు. కాదంటే బైకు వాల్వున్న ట్యూబు వేయించుకోండి, కానీ రిమ్ములో బెజ్జం దానికి సరిపోతుందో లేదో చూసుకున్నాకే.

పాత_బండి_మాస్టారు
చల్లని మాట చెప్పావు నాయనా. అల్లుణ్ణి ఊరికే తిట్టుకున్నాను.

రోజూ_బడికి
పిల్లాడు కిలోమీటరు తొక్కి బడికెళ్ళే సైకిలుకి ఇన్ని లెక్కలేంటండీ. మేమంతా మీటర్లు చూసే పెరిగామా?

సన్నటైరు
తక్కువ గాలితో గుంతలో పడితే ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి పక్కపక్కన రెండు బెజ్జాలు పడతాయి, పాము కాటు వేసినట్టు. పంచరు వేయించిన డబ్బులు ఏడాదికి లెక్కేస్తే మీటరు పంపు వచ్చేస్తుంది. మీటరు సరిగ్గా చూపిస్తుందని కూడా నేననను. 160 దాకా అంకెలున్న ముల్లు మీటర్లో 3 శాతం తేడా అంటేనే అటూ ఇటూ 5 పీఎస్ఐ. అబద్ధం చెప్తే చెప్పనీ, రోజూ ఒకే అబద్ధం చెప్తే చాలు. 60కి నా ఒళ్ళు హూనమైందా, రేపు 55 పెట్టి చూస్తా. వేలుకి ఆ 60, 55 తేడా తెలీదు.

@ఎర్రసైకిల్_నాన్న అన్నా, అసలు విషయం ఎవరూ అడగలేదు. ట్యూబు ఎలా చిరిగింది? టైరు కూడా చిరిగిందా?

ఎర్రసైకిల్_నాన్న
ఇప్పుడే తీసి చూశా. టైరు శుభ్రంగా ఉంది, గీత కూడా పడలేదు. ట్యూబు మాత్రం జానెడు పొడవున నిలువుగా చీలింది, రిమ్ము వైపు.

సన్నటైరు
అయితే దొరికిపోయారు అన్నా. టైర్లోపల ఉన్న ట్యూబు ఢామ్మనదు, బెజ్జం పడితే బుస్సుమని దిగుతుంది అంతే. బాంబులా పేలిందంటే ట్యూబు బయటికొచ్చింది. రాత్రి ట్యూబు మార్చినప్పుడు టైరు అంచు ఒకచోట రిమ్ములో సరిగ్గా కూర్చోలేదు, లేదా ట్యూబు ఆ అంచు కింద ఇరుక్కుంది. గాలి పెరిగేకొద్దీ అంచు లేచింది, ట్యూబు బుడగలా బయటికి ఉబ్బింది, ఇంక దాన్ని పట్టి ఉంచేదేం లేదు.

ఎర్రసైకిల్_నాన్న
అంటే తప్పు నాదే. బంకు కుర్రాణ్ణి మనసులో ఎన్ని మాటలన్నానో.

లెక్కల_తమ్ముడు
మీదే, కానీ కంప్రెసర్‌ని పూర్తిగా వదిలెయ్యలేం. చేతి పంపుతో అయితే 20 పీఎస్ఐ కొట్టేసరికి చెయ్యి నొప్పెట్టి ఆగుతాం, ఆ ఆగినప్పుడు చక్రం కంటపడుతుంది. బంకులో మూడు టిక్కుల్లో 65. మీ మెకానిక్ కారణం తప్పు చెప్పినా సలహా మరీ తప్పేం కాదు. ఈసారి ట్యూబు మార్చాక 15, 20 పెట్టి ఆపండి. టైరు పక్కన, రిమ్ము దగ్గర, సన్నటి గీత ఒకటి చుట్టూ ఉంటుంది. చక్రం తిప్పి రెండు వైపులా చూడండి. గీత ఎక్కడైనా రిమ్ములోకి మునిగినా, పైకి లేచినా గాలి తీసేసి సర్దండి. తర్వాత బంకుకే వెళ్ళండి, నాకేం అభ్యంతరం లేదు.

పంచరు_బాబాయ్
మేం చక్రం తిప్పి చూడకుండా గాలి కొట్టం. ఇది మీటరు గొప్పా, కన్ను గొప్పా?

ఎర్రసైకిల్_నాన్న
(నాలుగు రోజుల తర్వాత) మీటరు పంపు కొన్నాను. గీత చూసుకుంటూ 20 దగ్గర ఆపి, తర్వాత 60 పెట్టాను, ఇప్పటిదాకా చప్పుడు లేదు. బాబాయ్ షాపు మా ఊళ్ళోనే అని తెలిసి పంపు పట్టుకుని వెళ్ళా. గేరు సైకిలు లావు టైరు నొక్కి 40 అన్నారు, మీటరు 38. మా వాడి టైరు నొక్కి "ఎనభైకి తక్కువుండదు" అన్నారు, మీటరు 60. టీ ఆయనే ఇప్పించారు.

పంచరు_బాబాయ్
లావు టైరులో రెండే తేడా వచ్చింది, అది కూడా గట్టిగా రాయవయ్యా.