సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు కాలేజీ పిల్లలకి మీరేం చేస్తున్నారు?

పాలకొల్లు_98:
ఏటా పాత విద్యార్థుల సభకి వెళ్తాను. శాలువా, మెమెంటో, గ్రూపు ఫోటో, భోజనం. పోయినేడు స్టేజీ ఎక్కకుండా ల్యాబ్‌కి వెళ్లాను. ఫైనలియర్ పిల్లలు నలుగురు రొయ్యల చెరువు కోసం డీవో అలారం, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తగ్గితే హెచ్చరించేది, తయారుచేశారు. బకెట్ నీళ్లలో బ్రహ్మాండంగా పనిచేస్తోంది. "చెరువులో పెట్టి చూశారా?" అంటే ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మర్నాడు తెల్లారగట్ల ఊళ్లో భోగిమంటలు వేస్తుంటే, మేం మా బావ చెరువు గట్టు మీద టార్చిలైటు పట్టుకుని ఉన్నాం. మీరూ ఇలాంటివి ఏమైనా చేశారా?

ఫైనలియర్_ఈఈఈ:
ఆ నలుగురిలో నేనొకణ్ణి అన్నయ్యా. ఆ రోజు నాలుగింటికి మీటరు లీటరుకి 3.4 మిల్లీగ్రాములే చూపించింది, బావగారు వెంటనే నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు వేయించారు. మాకెంత సంబరమో! వారం తిరక్కుండానే 2 చూపించింది, రొయ్యలు మాత్రం హాయిగా మేత తింటున్నాయి. నీళ్లలో ముంచిన ప్రోబ్ (సెన్సర్) పైకి తీస్తే పొర మీద పాచి, వేలికి జిగురుగా తగిలింది. అప్పట్నుంచి రెండ్రోజులకోసారి మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాం. ఈ పాచి సంగతి ల్యాబ్‌లో ఎప్పటికీ తెలిసేది కాదు.

గట్టుమీద_రైతు:
మా అబ్బాయి ఇంజనీరింగే చదువుతున్నాడండి. పగలు ఎండకి నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రికి అదే పీల్చేస్తుంది. అందుకే తెల్లారేలోపే గండం, మబ్బు పట్టిన మర్నాడైతే మరీను. నాకు అంతకన్నా భయం కరెంటుతో. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు మూలుగుతూ తిరుగుతుంది, కాసేపటికి కాలిపోతుంది. ప్యానెల్‌లో ప్రివెంటర్ (ఫేజు పోగానే మోటారు ఆపేసేది) లేక రెండు మోటార్లు పోగొట్టుకున్నాను. బాబూ, మీ అలారం మెసేజ్ పంపితే నిద్రలో ఎవరు చూస్తారు? ఫోన్ మోగాలి. మా కాపలా అతనిది బటన్ ఫోను, అది కూడా గుర్తుపెట్టుకోండి.

బెంగళూరు_కోడలు:
ఏ కాలేజో చెప్పను. మా బ్యాచ్ చందాలేసుకుని త్రీడీ ప్రింటర్ కొనిచ్చాం. ఏడాదికి వెళ్లి చూస్తే గుడ్డ కప్పి ఉంది. ఫిలమెంట్ (ప్రింటర్‌లో వేసే ప్లాస్టిక్ తీగ) అయిపోయిందట, కొనడానికి సంతకం ఎవరు పెట్టాలో తేలలేదట. చాలా బాధేసింది. ఇప్పుడు నెలకోసారి ఆదివారం పిల్లలతో వీడియోలో కూర్చుంటున్నాను, ఫిలమెంట్ నేనే పంపిస్తున్నాను. వస్తువు ఇచ్చేవాళ్లు దాని మేతకి కూడా ఇవ్వాలండి.

కాలవగట్టు_సివిల్:
సంక్రాంతికి వచ్చేవాళ్ల కోసమే ఎందుకు ఎదురుచూడటం? కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ 1946లో మొదలైంది, భీమవరం ఎస్ఆర్‌కేఆర్ 1980లో. అక్కడ చదివి రిటైరైన ఇంజనీర్లు మన ఊళ్లలోనే ఉన్నారు. నేనూ ఒకణ్ణి. ప్యానెల్ వైరింగ్ చూడటానికి మా ఎలక్ట్రికల్ మిత్రుణ్ణి వెంటబెట్టుకొస్తాను. ఎప్పుడు రమ్మంటారు?

ఫైనలియర్_ఈఈఈ:
రండి మాస్టారూ! కనుమ నాడు కాకైనా కదలదంటారు గానీ, మేం ఆ రోజు మూడున్నరకల్లా గట్టు మీద ఉంటాం. ఒక ఫేజు తీసేసి, బటన్ ఫోను మోగుతుందో లేదో చూస్తాం. రైతు గారూ, మీరు కూడా రావాలండి. మంచు పడుతుంది, దుప్పటి తెచ్చుకోండి.