ముత్యానికీ ముడికీ మధ్య సందు మిగిలిపోతోంది

గవ్వలమ్మాయి (ఎంవీపీ కాలనీ, విశాఖ):
అమ్మ పెళ్లినాటి ముత్యాల పేట పోయిన నెల పుటుక్కున తెగింది. ముత్యాలన్నీ గచ్చు మీద దొర్లిపోయాయి, రెండు ఇప్పటికీ దొరకలేదు. మధ్యలో ముడులు ఉండుంటే ఒక్కటే జారేదట. అందుకే ఈసారి ముత్యానికో ముడి వేసి నేనే గుచ్చుదామని కూర్చున్నాను. మూడు రోజుల్లో నాలుగుసార్లు విప్పాను. ముడి ముత్యానికి ఆనకముందే బిగుసుకుపోతోంది, కొన్నిచోట్ల బియ్యపుగింజంత సందు. ఎలా సరిచేయాలి?

పాతనగరం (కురుపాం మార్కెట్ దగ్గర):
ముడిని వేళ్లతో లాగకమ్మా, తప్పంతా అక్కడే. ముందు రెండు వేళ్ల చుట్టూ దారాన్ని వదులుగా తిప్పి, గుచ్చిన ముత్యాలన్నీ ఆ ఉచ్చులోంచి దాటించు. ఉచ్చు ఇంకా పెద్దదిగా ఉండగానే అందులో లావుపాటి గోనెసూది పెట్టు. ఇప్పుడు దారం లాగుతూ, సూదితోనే ముడిని ముత్యం దాకా జరుపుకుంటూ వెళ్లు. సూది ఉన్నంతసేపూ ముడి బిగుసుకోదు. ముత్యానికి ఆనాక బొటనవేలి గోరుతో ముడిని నొక్కిపట్టి సూది తీసెయ్యి. దారం రెండు పోగులుగా వేసుకుని ఉంటే, చివరగా ఆ రెండూ విడదీసి చెరో పక్కకి లాగు, ముడి ఇంకాస్త లోపలికి కూర్చుంటుంది. తొలి పది ముడులూ పాత పూసల మీద వెయ్యి, అమ్మ ముత్యాల మీద వద్దు.

తీరంగాలి (పెదవాల్తేరు):
దారం ఏం వాడుతున్నారు? నేను మొదట్లో హార్బర్ దగ్గర దొరికే గాలం తీగతో గుచ్చాను. ముడి నిలవదు, పేట మెడ మీద కర్రలా నిలబడుతుంది. ముత్యాలకు పట్టుదారమే. గ్రిఫిన్ అనే కంపెనీ వాళ్లది 2 మీటర్ల అట్టకు సూదితో సహా వస్తుంది. 4 నంబరు 0.60 మి.మీ., 6 నంబరు 0.70 మి.మీ. రంధ్రంలో బిగుతుగా దూరే నంబరు తీసుకోండి, సన్నదైతే ముడి రంధ్రంలోకే జారిపోతుంది. ఇంకోటి, పట్టు సాగుతుంది. నేను ముందురోజు రాత్రి దారానికి తాళంకప్ప కట్టి తలుపు గెడకు వేలాడదీస్తాను. అలా చేయని హారాల్లో కొన్నాళ్లకు సందులు కనబడ్డాయి.

అంకుడుపూస (అనకాపల్లి):
ముత్యాలు కాదుగానీ, నావి ఏటికొప్పాక లక్కపూసలు. వీటి రంధ్రం వెడల్పు, ఎంత పెద్ద ముడి వేసినా లోపలికి పోతుంది. పూసకు రెండు వైపులా చిన్న గాజుపూస పెట్టి, దాని పక్కన ముడి వేస్తే ఆగింది. నైలాన్ దారం కొసలు అగరుబత్తితో కాల్చి అతికించే అలవాటు చాలామందికి ఉంటుంది. లక్కపూసల దగ్గర మాత్రం వద్దు, వేడి తగిలితే లక్క కరుగుతుంది. నాది ఒక ఎర్రపూస అలాగే పాడైంది. పట్టుదారమైతే కాల్చినా కరగదు, మాడుతుందంతే.

తీరంగాలి:
పొడవు లెక్క కూడా చూసుకోండి. 6 మి.మీ. ముత్యాలు 65 దాకా పెడితే ముడులు లేకుండా పదిహేనున్నర అంగుళాలకు దగ్గరగా వస్తుంది. ముడులతో నాకు దాదాపు 18 అయింది. మన ఊరి ఉక్కకు చేతులు చెమర్చి తెల్ల పట్టు నల్లబడుతుంది, పక్కన పొడిగుడ్డ ఉంచుకోండి. వేసుకుని తీశాక కూడా మెత్తటి గుడ్డతో తుడవాలి, చెమట, సెంటు ముత్యం మెరుపును తినేస్తాయి.

గవ్వలమ్మాయి:
గోనెసూది పని చేసింది! రాత్రి కూర్చుని 22 ముత్యాలు గుచ్చాను, ఎక్కడా సందు లేదు. అమ్మ పేటను చేతిలోకి తీసుకుని ఒక్కో ముడినీ గోరుతో తడిమి చూసింది. ఒక్క సందేహం: పోయిన రెండింటికి బదులు కొత్తవి తెచ్చాను, పాతవి మీగడ రంగు, ఇవి తెల్లగా ఉన్నాయి. ఎక్కడ పెట్టను?

పాతనగరం:
కొక్కేనికి అటొకటి, ఇటొకటి పెట్టమ్మా. జడ కింద ఉంటాయి, కనబడవు.