వీఓ2 మ్యాక్స్ 64 వచ్చిందని లాంగ్ డిస్టెన్స్ వద్దనడం సబబేనా?

బ్యారేజీ బాబాయ్ (విజయవాడ):
మా అన్నయ్య కొడుక్కి పదిహేడేళ్ళు. మున్సిపల్ స్టేడియంలో ప్రాక్టీసు, 5 వేల మీటర్లు 15:40. మొన్న ఒక అకాడమీ సెలక్షన్‌లో మూతికి మాస్కు తగిలించి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించారు. వీఓ2 మ్యాక్స్ 64 అన్నారు. అంటే ఇక నావల్ల కాదన్న వేగంలో కిలో బరువుకి నిమిషానికి 64 మి.లీ. ఆక్సిజన్ వాడుకోగలడట. "70 లేనివాడు మారథాన్‌కి పనికిరాడు, పొట్టి దూరాలు చూసుకో" అని పంపేశారు. వాడు సరిగ్గా అన్నం కూడా తినట్లేదు. ఒక్క అంకెతో తేల్చేస్తారా అండీ?

గుంటూరు ట్రాక్:
కటువుగా అన్నారు గానీ అబద్ధమైతే కాదు. పైస్థాయి మగ రన్నర్లలో 70కి బాగా కిందున్నవాళ్ళు అరుదు. గుండె ఒక్కో దెబ్బకి ఎంత రక్తం తోస్తుంది, ఒంట్లో హిమోగ్లోబిన్ ఎంతుంది, వీటి మీదే ఆ అంకె నిలబడేది. అందులో పుట్టుకతో వచ్చే వాటా తక్కువేం కాదు. బీఆర్ స్టేడియం చుట్టూ ఏళ్ళకేళ్ళు తిరిగి, చివరికి స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కూడా రాని కుర్రాళ్ళు నాకు తెలుసు. ముందే చెప్పెయ్యడం మేలు.

ఏలూరు రోడ్ ఫిజియో:
గుంటూరు గారూ, మీరు బండి సీసీ ఒక్కటే చూస్తున్నారు, మైలేజీ అడగట్లేదు. బ్రిటన్ మారథాన్ రన్నర్ పాలా ర్యాడ్‌క్లిఫ్‌ని ఆండ్రూ జోన్స్ అనే శాస్త్రవేత్త 1992 నుంచి ఏళ్ళ తరబడి ల్యాబులో కొలిచాడు. వీఓ2 మ్యాక్స్ మొదట్నుంచీ 70కి అటూ ఇటూనే, పెద్దగా కదల్లేదు. మారింది ఆక్సిజన్ ఖర్చు, అదే మైలేజీ. కిలోమీటరుకి కిలో బరువుకి 205 మి.లీ. తాగే ఒళ్ళు 2003 నాటికి 175తో సరిపెట్టుకుంది. ఆ ఏడే లండన్ మారథాన్‌లో 2:15:25. మగవాళ్ళలో ఆస్ట్రేలియా మారథానర్ డెరెక్ క్లేటన్‌ది 69.7, అయినా 1969లో ఆంట్‌వెర్ప్‌లో 2:08:33.

గుంటూరు ట్రాక్:
ఆంట్‌వెర్ప్ కోర్సు కొలత మీద అనుమానాలున్నాయి, అది లెక్కలోకి తేవద్దు. పైగా 69.7 ఎక్కడ, 64 ఎక్కడ?

ఏలూరు రోడ్ ఫిజియో:
ఆంట్‌వెర్ప్ వదిలెయ్యండి, 1967 ఫుకువోకాలో అదే మనిషి 2:09:36. ఇక 64 సంగతి. శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2:12:00 పరిగెత్తాడు, దశాబ్దాలపాటు మనవాళ్ళెవరూ దాన్ని చెరపలేకపోయారు. ఆ వేగమంటే నిమిషానికి 320 మీటర్లు. కిలోమీటరుకి 175 మి.లీ. ఖర్చుపెట్టే వాడికి నిమిషానికి 56 చాలు. 64లో 56 అంటే 87 శాతం. మేటి మారథానర్లు రెండు గంటలపైన అంత శాతం మీద నిలబడగలరు. అదే ఖర్చు 205 అయితే 65 పైనే కావాలి, కుర్రాడి మ్యాక్సే దాటిపోతుంది. కాబట్టి 64 తక్కువా ఎక్కువా అన్నది రెండో అంకె చూడకుండా చెప్పలేం. రెండు గంటల మారథానంటారా, అది వేరే కథ. అక్కడ 64తో కుదరదు, ఒప్పుకుంటాను.

కాల్వగట్టు:
ఇవన్నీ ఎందుకండీ, కెన్యాలో ఇటెన్ 2400 మీటర్ల ఎత్తున ఉంది, మన బెజవాడ పాతిక మీటర్లు కూడా ఉండదు. ఇక్కడ పుట్టినోడికి అవన్నీ కలలే. నా వాచీ అయితే మార్చిలో 51 చూపించి మేలో 46కి దింపేసింది, నేనేదో ముసలాణ్ణయిపోయినట్టు!

ఏలూరు రోడ్ ఫిజియో:
వాచీ ఆక్సిజన్ కొలవదు. వేగాన్నీ గుండె వేగాన్నీ పక్కపక్కన పెట్టి అంచనా కడుతుంది. మే నెలలో బ్యారేజీ మీద తెల్లారుజామున కూడా ఉక్కే. చెమటకి రక్తంలో నీరు తగ్గి, ఉన్న రక్తంలో కొంత ఒంటిని చల్లబరచడానికి చర్మం వైపు మళ్ళుతుంది. దెబ్బకి తోసే రక్తం తగ్గి గుండె ఇంకాస్త వేగంగా కొట్టుకుంటుంది. వాచీకి అది ఫిట్‌నెస్ పడిపోయినట్టు కనిపిస్తుంది. డిసెంబరులో చూడండి, మళ్ళీ కుర్రాడైపోతారు.
బాబాయ్ గారూ, ఇంతకీ టెస్టు ఏసీ గదిలో చేశారా, రేకుల షెడ్డులోనా? రిపోర్టులో గరిష్ఠం కంటే ముందున్న వేగాల దగ్గర ఆక్సిజన్ అంకెలు కూడా ఉంటాయి, అవి పెట్టండి.

గుంటూరు ట్రాక్:
మైలేజీ అంటున్నారు కదా, అది అడిగితే వచ్చేదా? ఏళ్ళ తరబడి కిలోమీటర్లు పోయాలి, కాలి వెనక స్నాయువులు (టెండన్లు) స్ప్రింగులా బిగియాలి, సన్నటి పిక్కలుండాలి. అందరికీ ర్యాడ్‌క్లిఫ్‌లా 15 శాతం తగ్గుతుందని గ్యారంటీ ఏముంది? ఇప్పుడు కార్బన్ ప్లేటు బూట్లు వచ్చి ల్యాబులో సగటున 4 శాతం ఆదా అంటున్నారు, అదీ ఒక్కొక్కరికి ఒక్కోలా. అకాడమీలో సీట్లు తక్కువ. వాళ్ళకి ఏదో ఒక గీత గీయక తప్పదు.

బ్యారేజీ బాబాయ్:
గీత గియ్యొద్దనట్లేదండీ, పదిహేడేళ్ళకే గీస్తారా అని. ఏసీ గదే. రిపోర్టు తీశాను: గంటకి 16 కి.మీ. వేగం దగ్గర 50 అని ఉంది.

ఏలూరు రోడ్ ఫిజియో:
16 అంటే నిమిషానికి 267 మీటర్లు. 50ని దాంతో భాగిస్తే కిలోమీటరుకి 187. ఈ వయసుకి చాలా మంచి అంకె! ఇది చూడకుండా పంపేశారా?

గుంటూరు ట్రాక్:
187 నిజమైతే నేనూ తీసుకుంటాను. కాకపోతే ట్రెడ్‌మిల్ వాలు ఎంత పెట్టారో అడగండి. బయటి గాలి తాకిడికి బదులుగా మామూలుగా 1 శాతం పెడతారు. సున్నా మీద తీసి ఉంటే ట్రాక్ మీద ఖర్చు ఇంకొంచెం ఎక్కువే తేలుతుంది.

బ్యారేజీ బాబాయ్:
రిపోర్టులో వాలు సంగతి రాయలేదండీ. సోమవారం ఫోన్ చేసి అడుగుతా.