పాదు అంటే గుంటా, తీగా?

మాటల మడి:
"ఆనపపాదు పందిరెక్కేసింది" అంటాం. "కొబ్బరిపాదు బాగుచెయ్యాలి" అని కూడా అంటాం. మొదటి వాక్యంలో పాదు తీగ, రెండో దాంట్లో చెట్టు మొదలు చుట్టూ నీటికోసం తీసే గుంట. ఇవి ఒకే మాటేనా, వేరువేరు మాటలా? చెట్టు పాదం దగ్గర ఉంటుంది కాబట్టి పాదు అయిందని ఒకచోట చదివాను, నమ్మబుద్ధి కాలేదు. పనిలో పనిగా ఇంకొకటి. దసరా వెళ్ళాక పాదులు తియ్యమని కొందరు, పూడ్చెయ్యమని కొందరు చెబుతారు. విశాఖ నేలకి ఏది సరైనది?

నిఘంటు నేస్తం:
సంస్కృత పాదానికీ దీనికీ చుట్టరికం లేదండీ. ఇది మన భాషా కుటుంబపు మాటే. తమిళంలో పాత్తి అంటే తోటలో మడి. కన్నడంలో పాతి అంటే మడి, చెట్టు చుట్టూ నీటి పల్లం కూడా. మన పాదు వీటి తోబుట్టువే. పాదుకొను, పాదుకొల్పు అనే క్రియలు దీంట్లోంచి వచ్చినవే. "ఆ ఊళ్ళో నాటకం పాదుకొంది" అంటే అక్కడ వేళ్ళూనిందని. పాదుకలు, పాదుషా ఈ ఇంటివాళ్ళు కారు.

దీనికి సంస్కృతంలో మాట ఆలవాలం. "అవినీతికి ఆలవాలం" అని పత్రికలు రోజూ రాస్తాయి. రాసేవాళ్ళలో ఎంతమందికి మొక్క మొదలు, నీళ్ళ చెంబు కళ్ళముందు కదులుతాయో! తెలుగులోనే కుదురు, గొప్పు అనే మాటలు కూడా ఈ పనికున్నాయి. కుదురుకోవడం, పాదుకోవడం రెండూ ఒకే గుంటలోంచి మొలిచాయన్నమాట.

మేడమీది తోట:
గుంట అంటే మా శ్రీకాకుళం వైపు ఆడపిల్ల. "రెండు గుంటలు తవ్వాను" అంటే ఎవరైనా కంగారుపడతారు, చూసుకోండి.

సీతమ్మధార పెరడు:
పోతన భాగవతాన్ని కల్పవృక్షంతో పోల్చిన పద్యం గుర్తుందా? "లలితస్కంధము, కృష్ణమూలము" అని మొదలవుతుంది. స్కంధమంటే చెట్టు బోదె, గ్రంథభాగం కూడా. మూలమంటే వేరు, కృష్ణుడు మూలమైనదని కూడా. అందులోనే "విమల వ్యాసాలవాలంబునై" అని వస్తుంది. గ్రంథం వైపు చూస్తే నిర్మలుడైన వ్యాసుడే దీనికి పాదు. చెట్టు వైపు చూస్తే వ్యాసం అంటే విస్తారం, అంటే విశాలమైన పాదు కలది. తరగతి గదుల్లో మొదటి అర్థం దగ్గర ఆగి మెచ్చుకుని వదిలేస్తారు. నాకు మాత్రం రెండోదే ముచ్చట. ఆ మాట లోతైన పాదు అనడం లేదు, వెడల్పైన పాదు అంటోంది. తోటపని తెలిసినవాళ్ళు ఒప్పుకునే మాట అది.

కొబ్బరి సంగతే చూడండి. కాపుకొచ్చిన చెట్టుకి పాదు మొదలు నుంచి చుట్టూ 1.8 మీటర్లు ఉండాలి. అంటే అటు నుంచి ఇటుకి దాదాపు పన్నెండడుగుల వ్యాసం. నీటినీ ఎరువునూ పీల్చే వేళ్ళలో ఎక్కువ భాగం మొదలు నుంచి రెండు మీటర్ల లోపలే, పైమట్టిలోనే పరుచుకుని ఉంటాయి. లోతు జానెడు చాలు. మన పెరళ్ళలో కనబడేవి ఎలా ఉంటాయి? మొదలుని ఆనుకుని మూరెడు వెడల్పు, మూరెడు లోతు గొయ్యి. తవ్వినప్పుడు వేళ్ళు తెగుతాయి, నీరు మొదట్లోనే మడుగు కడుతుంది, పీల్చే వేళ్ళకి చుక్క అందదు. ఎరువు కూడా అక్కడే పోస్తారు. పశువుల ఎరువు చెట్టుకి ఏడాదికి 25 నుంచి 50 కిలోలు వేసినా, బోదెకి ఆనించి పోస్తే సగం వృథా.

నిమ్మకైతే పాదుకి రెండు కట్టలు కావాలి. మొదలు చుట్టూ చిన్న కట్ట ఒకటి, బయట పెద్ద కట్ట ఒకటి, నీళ్ళు ఆ రెండింటి మధ్య. మొదలు నానితే బెరడు కుళ్ళి బంక కారుతుంది. ఎంత ఎరువు పోసినా ఆ చెట్టు తేరుకోదు.

మాటల మడి:
వ్యాసాలవాలం సంగతి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. మరి తీగకి పాదు అనే పేరెలా వచ్చింది?

నిఘంటు నేస్తం:
ఉన్నచోటు పేరు ఉన్నదానికి రావడమే. "ఊరంతా కదిలింది" అంటే కదిలింది ఊరు కాదు, మనుషులు. అలాగే పాదులో ఉన్న తీగ పాదే అయింది. కానీ అన్ని మొక్కలకీ ఈ గౌరవం దక్కలేదు. గుమ్మడిపాదు అంటే తీగ, మామిడిపాదు అంటే గుంటే. నా లెక్క ఇదీ. ఏటేటా కొత్తగా గుంట తీసి గింజ నాటే తీగలకి గుంటే ఆనవాలు, అందుకే ఆ పేరు. మామిడి వందేళ్ళు నిలబడుతుంది, దానికి గుంట పేరు అక్కర్లేదు. సన్నజాజి ఏళ్ళతరబడి బతుకుతుంది కాబట్టి సన్నజాజి తీగ.

పెందుర్తి పొలంగట్టు:
దొండపాదు మాటేటండీ మరి? దొండ గింజతో వెయ్యరు, కొమ్మతో వేస్తారు. పెన్సిలంత లావు ముదురు తీగ, మూడు నాలుగు కణుపులుండేలా కోసి, రెండు కణుపులు మట్టిలోకి దించుతారు. ఒకసారి పాతితే ఏళ్ళపాటు కాస్తుంది. చలికి కాపు మందగిస్తే ముదురు తీగలు కోసేసి, పాదు తిరగేసి ఎరువేస్తే మళ్ళీ చిగురేస్తుంది. ఏటేటా కొత్త గుంట లేదు, అయినా అందరూ దొండపాదే అంటారు.

నిఘంటు నేస్తం:
దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నాను. అయితే కూరకి కాసేది పాదు, పూలు పూసేది తీగ అని మార్చుకోవాలేమో. చిక్కుడులో చెట్టుచిక్కుడు, పాదుచిక్కుడు అని వేరుచేసి పిలుస్తాం కదా, అక్కడ పాదు అంటే పాకే రకం అనే అర్థమే మిగిలింది, గుంట పూర్తిగా కనుమరుగైంది.

మేడమీది తోట:
పాదుచిక్కుడు పేరెత్తారు కాబట్టి. "పందిరి నిండా ఆకే, పూత లేదు" అని ఇప్పుడు, అంటే ఆశ్వయుజంలో, దిగులుపడేవాళ్ళు చాలామంది. నాటు పాదుచిక్కుడు పగళ్ళు కురచయ్యాకే పూస్తుంది. జూన్‌లో పెట్టినా ఆగస్టులో పెట్టినా పూత వచ్చేది దాదాపు ఒకేసారి, ముందు పెట్టినవాళ్ళకి ఆకు ఎక్కువ దక్కుతుంది, అంతే. ఆ దిగులులో యూరియా వేస్తే ఇంకా ఆకే వస్తుంది, పూత మరీ వెనకబడుతుంది. గుప్పెడు బూడిద పాదు అంచున చల్లి ఊరుకోండి. పూత మొదలయ్యాక చలిమంచుకి పేనుబంక పడుతుంది, లేత కొసల్ని నల్లగా కప్పేస్తుంది. ముందు గట్టిగా నీటి జల్లు కొట్టి రాల్చెయ్యాలి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, అది నీటిలో కలవడానికి కొంచెం సబ్బునీళ్ళు, సాయంత్రం పూట, ఆకు అడుగున తగిలేలా. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

చామంతిది కూడా ఇదే లెక్క. పొడుగు రాత్రి చీకటి కావాలి దానికి. వీధిదీపం నేరుగా పడే గోడమీద కుండీ పెట్టి మొగ్గ రాలేదంటే తప్పు మొక్కది కాదు. నాలుగడుగులు చీకట్లోకి జరపండి.

ఇక మేడమీద పాదు ఎక్కడిదంటారా, బస్తాలో పైన వదిలే రెండంగుళాలే పాదు. అంచుదాకా మట్టి నింపితే పోసిన నీరు పక్కనుంచి జారి గచ్చుమీదికి పోతుంది, మట్టిని కూడా తీసుకుపోతుంది. ఆనపకి అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు బస్తాకి తగ్గకూడదు, రెండు మొక్కలకి మించకూడదు.

మాటల మడి:
బాగుంది. తియ్యాలా పూడ్చాలా అన్నదానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

పెందుర్తి పొలంగట్టు:
రెండూను. ఏ కార్తెలో అన్నదే తేడా. "చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుంటే" అని సామెత ఉంది కదా. చిత్త అక్టోబరు రెండో వారంలో వస్తుంది, దాని వెనక స్వాతి, నవంబరు మొదట్లో విశాఖ కార్తె. మన విశాఖకి ఎక్కువ వాన పడేది అక్టోబరులోనే. నైరుతి వెళ్తూ, ఈశాన్యం వస్తూ, మధ్యలో బంగాళాఖాతంలో వాయుగుండం. హుద్‌హుద్ తీరం దాటింది 2014 అక్టోబరు 12న, సరిగ్గా చిత్తలోనే.

కాబట్టి చిత్త, స్వాతి కార్తెల్లో పాదుకి పల్లం వైపు బెత్తెడు గండి కొట్టి ఉంచాలి. మొదలు దగ్గర మట్టి ఎగదోసి, గుండ్రంగా, నాలుగంగుళాలు ఎత్తుగా ఉండేలా చెయ్యాలి. పడ్డ నీరు మొదట్లోంచి బయటికి జారాలి. ఒక రోజు దాటి నీరు నిలిచిందంటే వేళ్ళకి గాలి ఆడదు, వేరు పీల్చడం మానేస్తుంది, తడిలోనే ఆకు వాడుతుంది. అది చూసి "దాహమేసింది పాపం" అని ఇంకో బకెట్టు పోస్తారు. వంగ, మిరప, కాకర ఎక్కువగా చచ్చేది ఇలాగే. ఆకు వాడితే ముందు వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి చూడండి. తడి తగిలితే నీళ్ళు వద్దు, గండి వెడల్పు చెయ్యండి.

వానలు వెనకపట్టాక గండి పూడ్చి, పైమట్టి రెండంగుళాలు మాత్రం దోకుడుపారతో గుల్లచేసి, కట్ట వేసి, ఎండుటాకు పరవాలి. మన ఎర్రమట్టి వానకి కొట్టుకుపోతుంది, ఎండకి రాయిలా బిగుస్తుంది. ఆరుతూ ఆరుతూ ఉండగానే, చేతికి అంటకుండా పొడిపొడిగా రాలే దశలో తవ్వాలి. తడిగా తవ్వితే గడ్డలు, ఆగితే పలుగు దిగదు.

మామిడికి మాత్రం పూడ్చనూ వద్దు, నీళ్ళూ వద్దు. కార్తీకం నుంచి పొడిగా ఉంచితేనే పూత బాగుంటుంది. ఇప్పుడు నీళ్ళు పెడితే చిగురు వేసేసి పూత ఎగ్గొడుతుంది.

భీమిలి గాలి:
విశాఖ విసరడం అంటే ఏమిటో సముద్రం పక్కన ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. తుఫాను కబురు రాగానే ముదిరిన ఆనప, గుమ్మడి కాయలు కోసెయ్యండి. తీగకు కాయ బరువా అనేది సామెత వరకే, పందిరికి బరువే. సరుగుడు రాటలు అడుగున్నరైనా భూమిలో దిగి ఉండాలి, మూలల్లో ఏటవాలుగా ఊతకర్ర ఒకటి. తీగను రాటకి బిగించి కట్టకూడదు, ఊగేంత వదులు ఉండాలి, లేకపోతే ముడి దగ్గరే తెగుతుంది.

గాలి తగ్గాక మొదటి పని ఆకుల్ని మంచినీళ్ళతో కడగడం. తుఫాను గాలి ఉప్పునీటి తుంపరని తెస్తుంది. కడక్కపోతే రెండు మూడు రోజుల్లో గాలి వచ్చిన వైపు ఆకులు నిప్పు తగిలినట్టు అంచులు మాడతాయి. కదిలిన మొక్కకి మట్టి ఎగదోసి కాలితో మెల్లగా అదమండి. వారం, పది రోజులు ఎరువు జోలికి పోవద్దు, తెగిన వేళ్ళకి అది మంట.

మేడమీది తోట:
కాయ నిలబడడం లేదని ఇదే నెలలో ఎక్కువమంది అడుగుతారు. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, గుమ్మడి పొద్దున్నే. వానలో పురుగు తిరగదు, పుప్పొడి తడిసిపోతుంది, పిందె పసుపెక్కి రాలుతుంది. వెనక బుల్లి కాయ ఉన్నది ఆడపువ్వు, ఉత్త కాడ ఉన్నది మగపువ్వు. మగపువ్వు రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడింటికి సరిపోతుంది. అద్దినా పిందె మెత్తబడి లోపల పురుగు కనిపిస్తే అది పండుఈగ పని. రాలిన పిందెల్ని పాదులోనే వదిలెయ్యకండి, ఆ పురుగు మట్టిలో దిగి మళ్ళీ ఈగై లేస్తుంది. ఏరి, కవరులో మూతికట్టి ఎండలో పెట్టండి. మిగిలిన పిందెలకి పాత పల్చటి గుడ్డసంచి తొడగండి.

సీతమ్మధార పెరడు:
సంక్రాంతి బంతికి నారు నవంబరు మొదటి వారానికల్లా నాటేసి ఉండాలి. నాటిన నెలకి ఒక్కసారి తల తుంచితే పక్కకొమ్మలు వస్తాయి, ఆలస్యంగా తుంచితే పూలు కనుమకి వస్తాయి. గులాబీకి కత్తిరింపు కూడా వానలు తెరిపిచ్చిన ఈ రోజుల్లోనే, కోసిన 45 రోజులకి కాస్త అటూ ఇటూగా పూత. తులసికి వెన్నులు ముదరనివ్వకండి, గింజ కట్టిందంటే మొక్క ఎండుముఖం పడుతుంది.

మాటల మడి:
చివరగా ఒకటి. ఎగదోసి కట్టిన మట్టిని, అంటే తిరగబడ్డ పాదుని, ఏమంటారు?

పెందుర్తి పొలంగట్టు:
దానికి వేరే పేరు విన్లేదండీ. "మట్టి ఎగదోశారా" అనే అడుగుతారు. వానలో కూడా అది పాదే. గండి ఉన్న పాదు.

నిఘంటు నేస్తం:
అయితే ఆలవాలానికి గండి కొట్టడం అనే ప్రయోగం మన పత్రికలకి ఇంకా మిగిలే ఉందన్నమాట.